తొమ్మిది గంటల బెల్లు

చలికాలం వస్తే ఎరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ ఊరి చుట్టూ ఉన్న గులకరాళ్ళ నేల మీద, లోపలే కాపురం ఉంటూ తిరిగే ఇంటిబండ్లు వచ్చి వాలతాయి. మంచు పడే రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి, పింఛను తీసుకునే మొగుడూ పెళ్ళాలు, కుక్కలు, మడత కుర్చీలు, వాటితో పాటు ఆపరేషనులో వేయించుకున్న కొత్త మోకాలిచిప్పలు. నవంబరు నుంచి మార్చి దాకా ఎటు చూసినా తెల్లటి బండ్లే. ఏప్రిల్ రెండో వారానికి ఒక్కటీ ఉండదు. అప్పుడు మిగిలేది గాలి, ముళ్ళపొదలు, ఎల్నోరా డన్‌ఫీ.

ఎల్నోరాకి యాభై తొమ్మిదేళ్ళు. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం మగాడి చేతులంత ఉంటాయి. ఆమె ఎన్ని రకాల రిపేర్లు చేసినా, ఆ ఎడారిలో ఆమెను అందరూ వెతుక్కుంటూ వచ్చేది ఒక్క పనికే. ఇంటిబండి ఆగిన చోట దాని గోడ ఒకటి బయటికి జరిగి చిన్న గదిలా నిలబడుతుంది. బయల్దేరేముందు మీట నొక్కితే మళ్ళీ లోపలికి వచ్చి మూసుకుంటుంది. కొన్ని బండ్లలో ఆ గదిని లాగేవి ఉక్కు కేబుళ్ళు. మూలకి రెండు చొప్పున ఎనిమిది ఉంటాయి, ఒక్కొక్కటీ చిటికెనవేలి కన్నా సన్నం. గోడలో దాగిన మోటారు గొలుసును తిప్పుతుంది, గొలుసు కేబుళ్ళను లాగుతుంది, కేబుళ్ళు గిలకల మీదుగా పోయి సోఫాలతో, అల్మరాలతో సహా గదిని జరుపుతాయి. నాలుగు మూలలూ ఒక్కసారే కదలాలి. ఒక మూల వదులైతే గది వంకరగా మూసుకుని, ఆ సందులోంచి దుమ్మంతా పక్క మీదికి వస్తుంది. బాగానే ఉందని ఇంకాస్త బిగిస్తే ఏదో ఒక ఉదయం ఫట్‌మని తెగుతుంది.

"మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగేవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు, ఆమె పనిముట్ల పెట్టె దించుతుంటే.

"ఆయనొస్తే మీకంటే ముందు నేను పారిపోతాను. పోయి తొమ్మిదేళ్ళయింది," అనేది ఎల్నోరా, నిచ్చెన వేసుకుంటూ.

ఆ పోయినాయన రాయ్స్ డన్‌ఫీ. ఆమెను ఈ ఎడారికి తెచ్చింది అతనే.

ఎల్నోరా పుట్టింది ఇండియానా ఉత్తరాన, పాతకాలపు పద్ధతుల్లోనే బతికే ఆమిష్ క్రైస్తవ సంఘం వాళ్ళ ఇంట్లో. కరెంటు లేని ఇల్లు, గుర్రబ్బండి, తల మీద తెల్లటి టోపీ. ఇంట్లో మాట్లాడేది తాతముత్తాతలు తెచ్చుకున్న జర్మను యాస, బయటివాళ్ళతో ఇంగ్లీషు. పెళ్ళయ్యేదాకా ఆడపిల్లలు ఇంటిబండ్ల కార్ఖానాలో పనికి వెళ్ళడం అక్కడ మామూలే. ఎల్నోరా కిటికీ తెరలు కుట్టేది. తయారైన బండ్లను దేశమంతా తోలుకెళ్ళి అప్పజెప్పే డ్రైవరు రాయ్స్. అతను తెచ్చే కబుర్లలో సముద్రాలుండేవి, కొండలుండేవి. పంతొమ్మిదో ఏట జ్ఞానస్నానం తీసుకుని సంఘానికి మాటిచ్చిన పిల్ల, ఇరవై మూడో ఏట ఒక బుధవారం నాడు తెరల కుట్టుమిషను మీద టోపీ పెట్టి, రాయ్స్ లారీ ఎక్కింది.

ఆరు వారాలకి సంఘంలో ఆమె పేరు చదివి వెలివేశారు. వెలి అంటే తలుపులు మూయడం కాదు. మాట్లాడొచ్చు. ఆకలేస్తే పెట్టొచ్చు కూడా, కాకపోతే వేరే బల్ల మీద. ఆమె చేతి నుంచి మాత్రం ఎవరూ ఏదీ తీసుకోకూడదు, మంచినీళ్ళ గ్లాసైనా సరే. ఒకసారి వెళ్ళింది ఎల్నోరా, రెండేళ్ళ తర్వాత. తను తెచ్చిన పీచ్ పళ్ళ బుట్ట వరండాలో తను పెట్టిన చోటే ఉంది, తను తిరిగి బయల్దేరే వేళకి కూడా. ఆ తర్వాత వెళ్ళలేదు. తల్లీ తండ్రీ పోయిన సంగతులు ఒక పినతండ్రి కూతురు రాసిన రెండు కార్డుల్లో తెలిశాయి. ఆ కార్డులూ ఆగిపోయి పదిహేనేళ్ళయింది.

రాయ్స్‌తో మాత్రం ఆమె సుఖంగానే ఉంది. మనిషి కొంచెం వాగుడుకాయ, మంచివాడు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ బండ్లు బాగుచేయడం నేర్చుకుని, చలికాలం ఎడారిలో, వేసవిలో ఒరెగాన్ తీరాన తిరిగారు. ఒక మార్చి ఉదయం బండి కింద జాకీ ఎత్తుతూ రాయ్స్ గుండె ఆగి అక్కడే ఒరిగిపోయాడు. ఆ ఏడాది నుంచి ఎల్నోరా వేసవిలో కూడా ఎటూ వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళినా బండి ఒక్కతే తోలాలి, మ్యాపు చూసి చెప్పేవాడు లేడు. దానికన్నా ఎండే నయమనిపించింది. జూలైలో ఆమె పొద్దున్నే లేచి నీళ్ళు పట్టుకుని, పదింటికల్లా కిటికీలకు వెండిరంగు అట్టలు అడ్డంపెట్టి, సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చునేది. వరసగా నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి. ఐదో రోజు పోస్టాఫీసులో "హలో" అనబోతే గొంతు బొంగురుపోయి, దగ్గి సవరించుకోవలసి వచ్చేది.

మూడేళ్ళ కిందట, జనవరిలో, నార్త్ డకోటా నుంచి వచ్చిన ఎల్డన్ టిల్‌మన్ అనే గోధుమ రైతు ఆమెకు కబురు పెట్టాడు. గది పైమూల ఒకటి మూసుకోవడం లేదట. ఎల్నోరా వెళ్ళేసరికి ఆ పెద్దాయన చేతిలో ట్రాక్టరుకి వాడే స్పానరుంది.

"నేనే కొంచెం బిగించానమ్మా," అన్నాడు.

"కొంచెమంటే ఎంత?"

"తిరిగినంత."

పక్కనే మడత కుర్చీలో అల్లిక పని చేసుకుంటున్న ఆయన భార్య ఫర్న్ తలెత్తింది. "నలభై ఏళ్ళుగా ఈయన పద్ధతంతే. తిరిగినంత తిప్పడం, విరిగాక నన్నడగడం. మా డిష్‌వాషరు ఎలా పోయిందో చెప్పమంటావా?"

"డిష్‌వాషరు గోల ఇప్పుడెందుకే!"

ఎల్నోరా నిచ్చెనెక్కి బయట పైమూల చూసింది. అనుకున్నట్టే ఉంది. గిలక మీద వంగే చోట కేబులు పోగులు లేచి ముళ్ళలా నిలబడ్డాయి. బట్టతో తుడిస్తే దారాలు పట్టుకుంటున్నాయి. ఇక అది పనికిరాదు, మార్చాల్సిందే. సర్దుబాటు నట్లు ఎలా ఉన్నాయో చూద్దామని నిచ్చెన లోపలికి తెచ్చి ఎక్కి, గది అంచు మీద అలంకారంగా బిగించిన చెక్కపట్టీ మరలు విప్పి, పట్టీని జాగ్రత్తగా దించింది.

పట్టీ వెనక, రంగు వెయ్యని చెక్క మీద పెన్సిలు రాత ఉంది.

కార్ఖానాల్లో పనివాళ్ళు ఇలా లోపలి చెక్కల మీద రాయడం మామూలే. కొలతలుంటాయి, కూడికలుంటాయి, ఒక్కోసారి బూతులుంటాయి. ఇక్కడ ఒక కొలత ఉంది, అందులో ఏడంకెకి నడుం మీద అడ్డగీత, వాళ్ళ ఇళ్ళల్లో వేసే పద్ధతిలో. కింద మే. ష్రా. అని పొడి అక్షరాలు. ఆ కింద మూడు మాటలు. ఆమె ఇంటి భాష అది. ఆ భాషను మాట్లాడతారు గాని ఎవరూ రాయరు, అందుకని రాసినవాడు చెవికి వినబడినట్టే రాసుకున్నాడు.

పావు. ఆగు. విను.

ఎల్నోరా నిచ్చెన మీద కూర్చుండిపోయింది. ఆ మూడు మాటలూ వాళ్ళ నాన్నవి. పశువుల దొడ్డికి కంచె తీగ లాగేటప్పుడు పిల్లలిద్దరికీ చెప్పేవాడు. పావు చుట్టు తిప్పు, ఆగు, తీగ ఏమంటుందో విను. ఇద్దరు పిల్లలంటే ఎల్నోరా, ఆమె కన్నా రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు మేలన్. ష్రాక్ వాళ్ళ ఇంటిపేరు. ఆమె కూడా ఇన్నాళ్ళూ కేబుళ్ళు అలాగే బిగిస్తోంది. నాన్న మాట అని ఎప్పుడూ ఆలోచించి చేయలేదు.

"ఏమిటమ్మా, ఎలకలా?" బయట నుంచి ఎల్డన్ కేకేశాడు.

"కాదు. కట్టినాయన రాసుకున్న రాత."

"ఏం రాశాడు?"

"ఎక్కువ బిగించద్దని."

"విన్నావా?" అంది ఫర్న్ మొగుడితో.

ఆ మోడలు కేబుళ్ళ కొలతలు ఎల్నోరా దగ్గరున్న కాగితంలో ఒకలా, పాత కేబులు కొలిస్తే ఒకలా వచ్చాయి. నాలుగంగుళాల తేడా. కార్ఖానా వాళ్ళ నంబరుకి ఫోను చేసి అడగడమే దారి. సిగ్నలు దొరికేది ఒక్క రాళ్ళగుట్ట మీదే. మధ్యాహ్నం ఎక్కి చేసింది. అటునుంచి కెండ్రా అనే అమ్మాయి పలికి, కంప్యూటరులో చాలాసేపు వెతికి, చివరికి చేతులెత్తేసింది.

"నా దగ్గర కూడా పాత కొలతే ఉందండీ. బండ్లు కట్టే లైనులో కేబుళ్ళు వేసే ఆయన్నే అడగాలి. ఆయన ఆమిష్ ఆయన, ఫోనంటే పెద్దగా ఇష్టపడరు. కానీ తొమ్మిది గంటల విరామంలో పిలిస్తే వస్తారు లెండి. రేపు చేస్తారా? మేలన్ అని అడగండి."

"చేస్తాను," అంది ఎల్నోరా.

ఇండియానాలో తొమ్మిదంటే ఎడారిలో ఏడు. మర్నాడు ఆరున్నరకే ఆమె గుట్ట మీదుంది. ఎండ ఇంకా కొండల అవతలే ఉంది. ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగలేదు. కొలతలు రాసుకున్న కాగితం తీసి రెండుసార్లు చదువుకుంది, మర్చిపోతానేమోనని. వెనక్కి వెళ్ళిపోదామని కూడా ఒకసారి లేచింది. ఏడైంది. ఫోను చేసింది. కెండ్రా ఉండమంది. అవతల ఎక్కడో రేకుల మీద సుత్తి దెబ్బలు, నవ్వులు, ఈల. తర్వాత ఎవరో ఫోనెత్తిన చప్పుడు.

"హలో."

నాన్న గొంతే అది, అచ్చు. తమ్ముడు ఇరవై ఒక్కేళ్ళప్పుడు పలచటి గొంతుతో పాడేవాడు. ఆ గొంతు ఎప్పుడు పోయిందో, ఈ గొంతు ఎప్పుడొచ్చిందో ఎల్నోరాకి తెలియదు.

"ఎరిజోనా నుంచండీ," అంది ఆమె ఇంగ్లీషులో. "రిపేరు చేసేదాన్ని. మీ ఇరవై ఎనిమిదడుగుల బండిలో ఎడమ పక్క గది. బయటి పైమూల కేబులు పోగులు లేచింది. కొత్తది ఎంత పొడుగు కొయ్యాలో అడుగుదామని. కాగితానికీ, పాతదానికీ నాలుగంగుళాలు తేడా వస్తోంది."

అవతల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"మీరు గిలక దగ్గర్నుంచి కొలిచారా, కొస బిగించే బ్రాకెట్ దగ్గర్నుంచా?"

"బ్రాకెట్ దగ్గర్నుంచే."

"అయితే మీ కొలతే నమ్మండి. ఆ కాగితం పాతది. మోటారుని పక్కకి జరిపాక ఎవరూ మార్చి రాయలేదు."

"బిగించేటప్పుడు?"

"ముందు నట్టు చేత్తో తిప్పండి. కేబులు కొసని రెండో స్పానరుతో గట్టిగా పట్టుకోండి, లేకపోతే అదీ మెలిపడుతుంది. మధ్యలో వేలేసి లాగితే అంగుళం లోపే రావాలి. అక్కణ్ణుంచి..." అని ఆగాడు.

"అక్కణ్ణుంచి పావు చుట్టు," అంది ఎల్నోరా.

"పావు చుట్టు."

"ఆగి వినాలి."

"వినాలి," అన్నాడు అతను. మళ్ళీ సుత్తి దెబ్బలు. ఫోను దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, ఊపిరి వినిపిస్తోంది. తర్వాత, "నీ మోకాలెలా ఉంది?" అన్నాడు.

ఆ మాట ఇంగ్లీషులో లేదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ భాషలో ఎల్నోరాతో మాట్లాడినవాళ్ళు లేరు. మాటలన్నీ ఎక్కడో అడుగున ఉన్నాయి, చేతికి తగులుతున్నాయి, పైకి రావడం లేదు.

"వానొస్తే సలుపుతుంది," అంది చివరికి. "ఇక్కడ వానెక్కడిది."

"నేను తొయ్యలేదు. గడ్డి అటక మీంచి నువ్వే జారావు."

"నువ్వే తోశావు."

"జారావు."

"తోశావురా! నా జడ కూడా లాగావు."

అవతల చిన్న నవ్వు. వెంటనే పెద్దగా బెల్లు మోగింది. తొమ్మిది గంటల విరామం పది నిమిషాలే.

"బెల్లు కొట్టారు," అన్నాడు మేలన్. "కేబులు నేనే కోసి పంపుతా. ఇవ్వడానికి అడ్డు లేదు."

మాటలో మిగతా సగం అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఫోను పెట్టేశాక కూడా ఎల్నోరా గుట్ట మీదే ఉంది. కింద బండ్ల మధ్య కుక్కల్ని తిప్పుకుంటున్నవాళ్ళు ఆమెను చూసి చెయ్యి ఊపారు. ఆమె కూడా ఊపింది.

ఎనిమిదో రోజున పెట్టె వచ్చింది. కేబులు గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల మైనపు దారంతో కట్టి ఉంది. విడిగా రెండు కొత్త గిలకలు. ఉత్తరం కోసం చూసింది. పెట్టె తలకిందులు చేసి దులిపింది, అట్టల మడతలు విప్పింది. ఏమీ లేదు. కేబులు కదలకుండా ఉండలు చుట్టి కుక్కిన కాగితాలున్నాయంతే. వాటిని అవతల పారెయ్యబోతూ ఆగింది. ఆమిష్ ఊళ్ళ కబుర్లు వేసే వారపత్రిక కాగితాలవి, అన్నీ వాళ్ళ జిల్లావే. బల్ల మీద పరిచి అరచేత్తో ఒక్కొక్కటీ సాపు చేసింది. ఎవరింట్లో కవలలు పుట్టారో, మొక్కజొన్న ఎలా ఉందో, ఎవరి పశువులశాల పిడుగుపడి కాలిందో, మర్నాడు ఎంతమంది చేరి మళ్ళీ లేపారో ఉంది. మూడో కాగితంలో మేలన్ ష్రాక్ గారి రెండో అమ్మాయి పెళ్ళి కబురు. పెళ్ళికి మూడొందల మంది వచ్చారట. ఆ అమ్మాయి పేరు రోసానా. అలాంటి మేనకోడలు ఉందని ఎల్నోరాకి ఆ కాగితం వల్లే తెలిసింది.

కావాలనే ఆ కాగితాలు పెట్టాడా, చేతికందినవి కుక్కాడా? ఆమె చాలా రోజులు ఆలోచించింది. మూడూ వేరువేరు నెలలవి. చేతికందినవైతే ఒకే వారానివి ఉండాలి కదా అనుకుంది. అంతకు మించి తేల్చుకోలేకపోయింది.

ఎల్డన్ గారి బండికి కొత్త కేబులు వేసింది. గిలకలు మార్చింది, ఎనిమిది కేబుళ్ళూ వరసగా చూసుకుంటూ నాలుగు మూలలూ సమానంగా తెచ్చింది, రబ్బరు పట్టీలకు మందు రాసింది. ఫర్న్ మీట నొక్కితే గది చప్పుడు లేకుండా లోపలికి వచ్చి నాలుగు పక్కలా ఒకేసారి ఆనింది.

"నువ్వూ ఏదన్నా రాయవమ్మా ఆయన రాత కింద," అంది ఫర్న్. "ఎవరో ఒకరు చూస్తారు."

ఎల్నోరా పెన్సిలు చెవి మీద నుంచి తీసింది కూడా. చెక్క వంక కాసేపు చూసి, పెన్సిలు మళ్ళీ పెట్టుకుని, పట్టీ మూసి మరలు బిగించింది.

ఆ తర్వాత మూడు చలికాలాల్లో ఆమె కార్ఖానాకి పదకొండుసార్లు ఫోను చేసింది. ప్రతిసారీ ఒక ప్రశ్న ఉండేది. గొలుసుకి నూనె వెయ్యాలా, పొడి మందు చాలా? దుమ్ములో నూనె పనికిరాదని ఆమెకు తెలుసు. మోటారు చెడితే డ్రిల్లుతో ఎటు తిప్పి గదిని లోపలికి తేవాలి? అలా ఆమె ఓ యాభైసార్లు తెచ్చి ఉంటుంది. మేలన్ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పేవాడు. ఇంగ్లీషులో పరాయివాళ్ళలా మర్యాదగా ఎనిమిది నిమిషాలు కేబుళ్ళ గురించి మాట్లాడుకునేవారు. ఆఖరి రెండు నిమిషాలు ఇంటి భాషలో.

"ముసలి గుర్రం డాలీ పోయింది," అన్నాడు మేలన్ ఒకసారి.

"అప్పట్నుంచీ ఉందా?"

"ఆ డాలీ కాదులే, దాని మనవరాలు."

ఇంకోసారి, "రూతుకి కళ్ళ ఆపరేషన్ అయింది."

"రూతెవరు?"

"నా భార్య."

"ఏ రూతు? లామర్ కూతురా? పళ్ళు ఎత్తుగా ఉండేది, ఆ రూతేనా?"

"ఇప్పుడు ఎత్తుగా లేవు," అన్నాడు మేలన్. "అన్నీ పీకించింది."

ఆ పూట ఎల్నోరా గుట్ట దిగుతూ దారంతా నవ్వుకుంది. ఆ ముచ్చట చెప్పుకోవడానికి కింద ఎవరూ లేరు. ఎవరికైనా చెప్పాలంటే రూతెవరో, మేలనెవరో, తనెవరో మొదట్నుంచీ చెప్పాలి.

రెండో చలికాలంలో సంతలో జింక తోలు చేతితొడుగులు కనబడితే కొంది. కేబులు పోగులు అరచేతిలో గుచ్చుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మంచి పనితనం, లోపల మెత్తటి అస్తరు. ఆలోచిస్తే పంపలేనని తెలిసి, ఆలోచించకుండా కార్ఖానా చిరునామా రాసి పోస్టు చేసింది. రెండు వారాలకి పెట్టె తెరవకుండానే తిరిగొచ్చింది. దాని మీద కెండ్రా చేతిరాతలో చీటీ. "ఆయన తీసుకోలేరట. మీరేమీ అనుకోవద్దని మరీమరీ చెప్పమన్నారు. సారీ అండీ, నాకేమీ అర్థం కాలేదు." ఎల్నోరా ఆ పెట్టెను మంచం కింద అరలో పెట్టింది. ఆ తర్వాత ఫోనులో ఆ సంగతి అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పెట్టె తిరిగొచ్చాక మొదటిసారి ఫోను చేసిన రోజు మాత్రం గిలకల గురించి మామూలు కన్నా ఎక్కువ సేపు మాట్లాడాడు.

కిందటి మార్చిలో పదకొండోసారి చేసింది. రబ్బరు పట్టీల గురించి ప్రశ్న సిద్ధం చేసుకుని వెళ్ళింది. మేలన్ ఫోను తీసుకోగానే ఇంటి భాషలోనే మొదలుపెట్టాడు.

"వచ్చే శుక్రవారంతో ఈ లైను ఆపేస్తున్నారు. కొత్త బండ్లకి కేబుళ్ళు ఉండవట. గదిని లాగేవి పళ్ళున్న చక్రాలట."

"నిన్నెక్కడేస్తారు?"

"అల్మరాల్లో వేస్తామన్నారు. నేనే వద్దన్నా. ఇంటి దగ్గర కళ్ళేలూ, జీనులూ కుట్టే కొట్టు పెడుతున్నా. అల్లుడు సాయం ఉంటాడు."

"మంచిదే. చలిలో తిరగక్కర్లేదు."

"అవును."

ఆ కొట్లో ఫోను ఉండదు. ఆమె అడగలేదు. ఉత్తరం మాట నాలుక మీదికి వచ్చింది, తెరవని ఆ పెట్టె గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఎవరో ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నారు.

"నీ ప్రశ్నేమిటి?" అన్నాడు మేలన్.

"రబ్బరు పట్టీల గురించి."

"అడుగు."

"నాకు తెలుసులే."

"నాకూ తెలుసు, నీకు తెలుసని."

బెల్లుకి ఇంకా నాలుగైదు నిమిషాలుంది. ఎవరూ ఫోను పెట్టలేదు. అతను కాఫీ తాగుతున్నట్టున్నాడు, గుటక చప్పుడు వినిపించింది. ఎల్నోరా ఫ్లాస్కు మూత తీసి తనూ కొంచెం పోసుకుంది. రెండు వేల మైళ్ళ అవతల అతనూ, గుట్ట మీద రాయి మీద ఆమె, ఎవరి కాఫీ వాళ్ళు తాగారు. బెల్లు మోగింది.

"జాగ్రత్త, నోరీ," అన్నాడు మేలన్. చిన్నప్పటి పేరు.

ఏం చెప్పాలో ఆమె వెతుక్కునే లోపల ఫోను చేతులు మారింది.

"ఇంకేమైనా కావాలా అండీ?" అంది కెండ్రా.

"లేదమ్మా," అంది ఎల్నోరా. "కావలసినవన్నీ చెప్పారు."

గుట్ట దిగేసరికి ఆమె బండి ముందు ఇద్దరు ఎదురుచూస్తున్నారు. మార్చి నెలాఖరు, ఎవరికి వాళ్ళకి బయల్దేరే తొందర. ఆ వారంలోనే పద్నాలుగు బండ్లు చూడాలి. ఆమె మొహం కడుక్కుని, పెట్టె తీసుకుని మొదటి బండికి వెళ్ళింది. అది మాంటానా నుంచి వచ్చిన రిటైరైన స్కూలు బస్సు డ్రైవరుది. పేరు వాల్డో. మాట ఆపడు. అతని గది కింది మూల అరంగుళం ఎడంగా ఉంది. ఎల్నోరా చెక్కపట్టీ దించి, వెనక చెక్క వంక చూసింది. ఖాళీగా ఉంది. నేల మీద వెల్లకిలా పడుకుని, ఒక స్పానరు కేబులు కొసకి, ఒకటి నట్టుకి పట్టించింది.

"ఏమిటమ్మా ఆ గొణుగుడు?" అన్నాడు వాల్డో, మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి చూస్తూ. "మంత్రమా?"

తను పైకి అంటున్నట్టు ఎల్నోరాకి అప్పటిదాకా తెలియదు. పావు చుట్లు లెక్కపెడుతోంది, ఇంటి భాషలో.

"లెక్క," అంది.

"ఏ భాషమ్మా అది? స్వీడను భాషా? మా అమ్మమ్మది స్వీడను, అలాగే ఉండేది."

"కాదండీ."

"మరి మీవాళ్ళు ఎక్కడివాళ్ళు?"

ఎల్నోరా నట్టు ఇంకో పావు తిప్పింది. ఆగింది. కేబులు మీద వేలితో మీటి, చెవి దగ్గరగా పెట్టి వింది. ఇంకా కొంచెం వదులుగానే ఉంది.

"ఇండియానా," అని చెప్పి, "ఆ మీట ఒకసారి నొక్కండి, చూద్దాం," అంది.

వాల్డో మీట నొక్కాడు. గది కదిలి లోపలికి రావడం మొదలుపెట్టింది. ఎల్నోరా నేల మీద అలాగే పడుకుని, ఒక్కో గిలక చప్పుడూ వింటూ, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టింది. ఈసారి పైకే.